పొయ్యి ముట్టించని రెండు రోజులు

లాకు ఇల్లు, పెనుగొండ పోస్టు
18 ఫిబ్రవరి 1901

ప్రియమైన అక్క సంపూర్ణమ్మకు తమ్ముడు యెహెజ్కేలు వందనాలతో రాస్తున్నది.

ఇక్కడ క్షేమం. ధాన్యం పడవలు ఎడతెరిపి లేకుండా వస్తున్నాయి. కాలువ నీళ్ళు ఆపే లాకు తలుపుల్లో ఎడమది కీచుమంటుంటే ఆముదం పోయించాను. నా దగ్గు తగ్గింది.

సంగతేమిటంటే, గోదావరి మీద వేసిన కొత్త రైలు వంతెనను మనమిద్దరం చూసి వద్దామని నా కోరిక. ఈ దారిన వెళ్ళే పడవల్లో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. రైలు నది మధ్యకు చేరాక ఏ గట్టు దగ్గరో తెలియదట. నువ్వు శనివారం పొద్దున పాలకొల్లులో రాదారి పడవ ఎక్కు. సాయంత్రానికి అది మా లాకు దగ్గరికి వస్తుంది, అక్కడ నేను ఎక్కుతాను. తెల్లవారేసరికి నిడదవోలులో దిగి రైలెక్కితే వంతెన దాటి రాజమహేంద్రవరంలో ఆదివారపు ఆరాధనకు అందుకుంటాం. భోజనం అక్కడి ఉపదేశి రాజరత్నం గారి ఇంట్లో. ఆయన నా స్నేహితుడు, నీకు తెలుసు. సాయంత్రం మళ్ళీ రైలు, మళ్ళీ పడవ. సోమవారం నువ్వు బోర్డింగులో ఉంటావు. తేలిక ప్రయాణం. మూటలేమీ అక్కరలేదు.

ఒక్కటే షరతు. ఆ రెండు రోజులూ నువ్వు పొయ్యి ముట్టించకూడదు. అమ్మ పోయినప్పటి నుంచి నిన్ను నేను పొయ్యి దగ్గరే చూశాను. ముందు నాకు వండావు, తరువాత బావకు, బావ పోయాక బోర్డింగు పిల్లలకు. నువ్వు అందరికంటే ముందు కూర్చుని తినగా నేను ఒక్కసారీ చూడలేదు. అది చూడాలని ఉంది. వంతెన కూడా.

మార్చి 9 శనివారం వీలవుతుందేమో రాయి.

ఇట్లు
యెహెజ్కేలు


పాలకొల్లు, బాలికల బోర్డింగు
23 ఫిబ్రవరి 1901

నాయనా యెహెజ్కేలూ,

నీ ఉత్తరం చూసి నా గుండె జారిపోయింది. నిజం చెప్పు, ఒంట్లో ఏముంది నీకు? దగ్గు తగ్గిందని ఒక ముక్క రాసి, వెంటనే రాజమహేంద్రవరం వెళ్దామన్నావు. అక్కడ పెద్దాసుపత్రి ఉందని నాకు తెలియదనుకున్నావా? మనుషులు పెళ్ళికి ఊరు వెళ్తారు, చావుకు వెళ్తారు, కోర్టు పని మీద వెళ్తారు. ఊరికే చూసి రావడానికి వెళ్ళిన మనిషిని నేను ఇంతవరకు ఎరగను.

మా పిండి విసిరే వీరమ్మకు ఉత్తరం చదివి వినిపించాను. అది ఇంకో దారి పట్టింది. "జబ్బూ కాదు, పాడూ కాదక్కా. మీ తమ్ముడు పిల్లను చూసుకున్నాడు. నీకు చూపించడానికి తీసుకెళ్తున్నాడు. నోరు తెరిచి చెప్పలేక వంతెనంటున్నాడు" అంది. నువ్వు చిన్నప్పటి నుంచీ నోరు తెరవవు కాబట్టి అదీ నిజమేననిపించింది. పిల్ల ఎవరు? రాజరత్నం గారి మరదలా?

జబ్బయినా పెళ్ళయినా నేను వస్తాను. నాకు రైలెక్కాలని ఉంది. కింద అంత నీళ్ళు పెట్టుకుని అంత ఇనుము ఎలా నిలబడుతుందో చూడాలని ఉంది. కాని మార్చి 9 కుదరదు. మా బోర్డింగు నడిపే దొరసాని గారికి మద్రాసు నుంచి చుట్టాలు వస్తున్నారు. ఆవిడ వద్దనే మనిషి కాదు గాని, వాళ్ళకు నా చేతి చేపల కూర తినిపించాలని ఆవిడకు ఎంత ఆశో నాకు తెలుసు.

వీరమ్మ కూడా వస్తానంటోంది. దాని కూతురిని నిడదవోలులో ఇచ్చారు. పడవలోకి ఓ కుండెడు పులిహోర, నాలుగు గారెలు చేసుకొస్తాను. పొయ్యి ఇక్కడే ముట్టించి ఇక్కడే ఆర్పేస్తాను కాబట్టి అది నీ షరతు కిందికి రాదు.

చలిగాలికి తలకు గుడ్డ కట్టుకో.

మీ అక్క
సంపూర్ణమ్మ


లాకు ఇల్లు
2 మార్చి 1901

అక్కకు వందనాలు.

జబ్బు లేదు. పిల్ల లేదు. వంతెన ఉంది.

రాజరత్నం గారికి అసలు మరదళ్ళే లేరు.

వీరమ్మ రావచ్చు. పులిహోర వద్దు. అది షరతు కిందికే వస్తుంది.

9 కాకపోతే 23న వెళ్దామనుకుని అడిగాను గాని, మార్చి 23కు నాకు సెలవు దొరకలేదు. మా ఓవర్సీరు జగన్నాథరావు గారు మంచివారే. నేను ఇన్నేళ్ళలో సెలవు అడగలేదు కాబట్టి ఆశ్చర్యపోయి, ఎవరైనా పోయారా అని మెల్లగా అడిగారు. లేదండి, వంతెన చూడాలండి అన్నాను. "వంతెన ఎక్కడికీ పోదయ్యా. పడవలు పోతాయి. ధాన్యం సర్దుకోనీ" అన్నారు. తరువాత కాలువ మీద వెళ్తున్న పడవవాళ్ళకు నన్ను చూపించి ఏదో చెప్పి నవ్వారు. అప్పటి నుంచి తలుపులు తీసినప్పుడల్లా, గుమస్తా గారూ వంతెన చూశారా అని ప్రతి పడవా అడుగుతోంది.

ఏప్రిల్ మొదటివారంలో నీకు ఈస్టరు పనులు. అందుచేత ఈస్టరు తరువాత మళ్ళీ అడుగుతాను.

ఇట్లు
యెహెజ్కేలు


పాలకొల్లు
15 మార్చి 1901

తమ్ముడూ,

నువ్వు కోప్పడకుండా చదువుతానంటేనే ఇది చదువు.

గురువారం ప్రార్థన కూటంలో వీరమ్మ మన ప్రయాణం సంగతి బయటపెట్టింది. ఊరుకోవే అని చీర కొంగు లాగుతూనే ఉన్నాను, అది లేచి నిలబడి మరీ చెప్పింది. సంఘపెద్ద చిట్టియ్య గారు వెంటనే కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా సహోదరుడు యెహెజ్కేలు బయటికి చెప్పుకోలేని బాధ నీకు తెలుసు" అని మొదలుపెట్టారు. చాలాసేపు చేశారు. ఆ బాధేమిటో ఎవరికీ తెలియకపోయినా ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, ఆయన చేసే ప్రార్థన అలాంటిది.

అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచి, ఇలాంటి సమయంలో నిన్ను ఒంటరిగా వదలడం సంఘానికి ధర్మం కాదన్నారు. ఆయనా, వాళ్ళావిడ బుల్లెమ్మ గారూ తోడు వస్తారట. వంతెన సంగతి ఎత్తితే, "అమ్మా, వంతెన మాట మనకెందుకు, బాధ మాట చూద్దాం" అన్నారు. కాని బుల్లెమ్మ గారు తరువాత నా దగ్గరకొచ్చి, రైల్లో కిటికీ పక్కన కూర్చోవాలంటే ముందే చెప్పుకోవాలా అని అడిగింది.

పులిహోర వద్దన్నావని అటుకులు తెద్దామనుకున్నాను గాని, నీతో కలిపి ఐదుగురం అయ్యాం కాబట్టి వాటితో సరిపోదు. బియ్యం, పప్పు, చిన్న ఇత్తడి గిన్నె, ఇనుప పొయ్యి సర్దుతున్నాను. పడవ వెనక భాగంలో వండుకోనిస్తారని విన్నాను. బుల్లెమ్మ గారు పప్పులో చింతపండు తినదు, ఆవిడకు వేరే చేస్తాను. రాజరత్నం గారి ఇంట్లోవాళ్ళకు ఒక జాడీ మాగాయ.

ఇంతమంది ఆనందంగా బయలుదేరడం నేను చూసి ఎన్నాళ్ళయిందో. నీకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో రాయి.

మీ అక్క


లాకు ఇల్లు
24 మార్చి 1901

అక్కకు,

ముందు శుభవార్త. ఏప్రిల్ 20, శనివారం నాకు సెలవు దొరికింది. అడగడమే ఆలస్యం, జగన్నాథరావు గారు ఇచ్చేశారు. "ఆ రోజు నువ్వు లేకపోతే ఏం మునిగిపోతుంది, వెళ్ళు, సోమవారం కూడా ఉండు" అని నవ్వారు. నా మీద ఆయనకు దయ కలిగింది. నాకు చాలా సంతోషమైంది. ఆ సంతోషంలో ఆ సాయంత్రం కాలువ కట్టే నోటీసు బోర్డు మీద రాసే పని కూడా చేసేశాను. అక్షరాలు ఎన్నడూ లేనంత గుండ్రంగా వచ్చాయి.

ఇక రెండో మాట. చిట్టియ్య గారు రానీ, బుల్లెమ్మ గారు రానీ. నాకు బాధ ఉందని ఆయన అనుకుంటే అనుకోనీ. కాని ఇనుప పొయ్యి సంగతి చదివాక నాకు నిజంగానే బాధ కలిగింది. నలుగురికీ నువ్వు వండి, ఒకరికి చింతపండు లేకుండా వేరే చేసి, అందరూ తిన్నాక గిన్నె తోముకుంటూ కూర్చుంటే అది బోర్డింగే. పడవ మీద పెట్టిన బోర్డింగు. ఆ ప్రయాణం నాకక్కరలేదు.

నా చిన్నప్పుడు నాకు ముద్దలు పెట్టి, నేను నిద్రపోయాననుకుని నువ్వు కుండ అడుగు గీక్కునేదానివి. నేను నిద్రపోయేవాణ్ణి కాదు. ఆ చప్పుడు నాకిప్పటికీ తెలుసు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

పొయ్యి తెస్తే నేను లాకు దగ్గర పడవ ఎక్కను.

ఇట్లు
యెహెజ్కేలు


పాలకొల్లు
9 ఏప్రిల్ 1901

నాయనా,

పొయ్యి తీసి అటక మీద పెట్టాను. బియ్యం డబ్బాలో పోసేశాను. మనం ఒట్టు పెట్టుకోకూడదు కాబట్టి అవునంటే అవునని రాస్తున్నాను. నేను వండను, వడ్డించను, గిన్నె తోమను. ఈ ముక్క వీరమ్మ ముందు చెప్పాను. అయితే మాకెవరు పెడతారు అని అది బిక్కమొహం వేసింది. పులిహోర తనే చేస్తానంది చివరికి.

ఈస్టరు బాగా జరిగింది. దొరసాని గారు పెద్ద పిల్లల చేత రెండు రోజులు వంట చేయిస్తానన్నారు. వాళ్ళు ఇప్పటి నుంచే చేతులు కాల్చుకుంటున్నారు.

పడవ కుదిరింది. సత్తియ్య పడవ. మొదట అతను ఆ తారీకు చెప్పగానే తల గోక్కున్నాడు. ఆ రోజుల్లో నీళ్ళు ఎలా ఉంటాయోనండి అన్నాడు. ఫలానా లాకు గుమస్తా మా తమ్ముడు, ఈ తారీకు వాడే పెట్టాడు అన్నాను. "అలా చెప్పండి మరి. ఆయన పెట్టిన తారీకంటే నీళ్ళు ఆయన చేతిలో ఉన్నట్టే కదండీ" అని వెంటనే ఒప్పుకున్నాడు. నీకు కాలువ మీద ఇంత పరపతి ఉందని నాకు తెలియదు. నాకు గర్వంగా ఉంది.

శనివారం సాయంత్రం గట్టు మీద నిలబడు. దూరం నుంచే నీ గొడుగు గుర్తుపడతాను.

మీ అక్క


లాకు ఇల్లు
23 ఏప్రిల్ 1901

అక్కకు,

నువ్వు గడ్డిబండి మీద క్షేమంగా చేరావని కబురు అందింది. నడుము ఎలా ఉంది?

ఆదివారం ఆ సందడిలో నేను ఏమీ చెప్పలేకపోయాను. నేను చెప్పలేనివి కాగితం మీదే కుదురుతాయి. అందుకని రాస్తున్నాను.

శనివారం మధ్యాహ్నమే ఉతికిన పంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని లాకు గోడ మీద నిలబడ్డాను. నీళ్ళు తగ్గుతున్నాయి. కొలబద్ద చూశాను. అలవాటు కొద్దీ పుస్తకంలో రాశాను కూడా. రాసి మళ్ళీ నీ పడవ కోసం చూశాను. నాకేమీ తట్టలేదు. ఇన్నేళ్ళూ పడవలను వదిలినవాణ్ణే గాని, ఎక్కినవాణ్ణి కాను. నీళ్ళు లేకపోతే పడవ రాదని అందరికీ చెప్పేవాణ్ణి. ఆ పడవల్లో మా అక్క పడవ కూడా ఒకటని అనుకోలేదు.

జగన్నాథరావు గారు అటు వచ్చి, ఇంకా వెళ్ళలేదేమని అడిగారు. పడవ కోసం చూస్తున్నానండి అన్నాను. ఆయన నన్ను భుజం పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పారు. వెనక నోటీసు బోర్డు ఉంది. కాలువ మరమ్మతుల కోసం శుక్రవారం రాత్రి నుంచి నీళ్ళు కట్టేస్తారని దాని మీద ఉంది. నా గుండ్రని అక్షరాలే. "పడవలు లేని రోజు కనకే సెలవిచ్చానయ్యా. నువ్వు నడిచి వెళ్తావనుకున్నాను" అన్నారు. ఈసారి ఆయన నవ్వలేదు. నాకు అది ఇంకా కష్టంగా తోచింది.

పొద్దు గూకేవేళ చేపలు పట్టే పల్లంరాజు గట్టు వెంట వచ్చి, కింద రెండు కోసుల దూరంలో ఒక పడవ బురదలో కూర్చుందని, అందులో ఒక పెద్దాయన గొంతెత్తి కీర్తనలు పాడుతున్నాడని చెప్పాడు. చిట్టియ్య గారని తెలిసిపోయింది. చీకట్లో ఆ గట్టు మీద నడవలేక, అటుకులు, బెల్లం, అరటిపళ్ళు మూటకట్టుకుని తెల్లవారుతూనే పల్లంరాజు, అతని భార్య లోవమ్మ, వాళ్ళ పేటవాళ్ళతో బయలుదేరాను. నీళ్ళు తీసిన కాలువలో గుంటలన్నీ చేపలే కాబట్టి ఆ రోజు వాళ్ళకు పండగ. అందరి చేతుల్లో చేపల మీద బోర్లించే ఊతలు, గంపలు. నా చేతిలో గొడుగు.

దారి పొడుగునా నీకు ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ చెప్పే పని పడలేదు. నేను వచ్చేసరికి నువ్వు ఇంకొకళ్ళ ఊత అడిగి పుచ్చుకుని మోకాలిలోతు బురదలో ఉన్నావు. కొర్రమీనును రెండు చేతులా పట్టుకుని, అది జారుతుంటే గట్టిగా నవ్వుతున్నావు. నిన్ను గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

ఒక్క సంగతి మాత్రం మనసులో తొలుస్తోంది. లోవమ్మ గట్టు మీద పులుసు కాచి నీకు మొదటి ఆకు వేసింది. నువ్వు ఒక ముద్ద తినగానే నీ కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఎందుకక్కా అంటే కారమన్నావు. నేను తిన్నాను, కారం లేదు. అంత ఆశపెట్టి వంతెన చూపించలేదని నీకు దిగులు కలిగి ఉంటుంది. వంతెనన్నాను, బురద చూపించాను. తేలిక ప్రయాణమన్నాను, బండి మీద పంపాను.

మళ్ళీ నీళ్ళు జూన్‌లో వదులుతారు. తారీకు ఈసారి వేరెవరినైనా పెట్టమను.

ఇట్లు
యెహెజ్కేలు


పాలకొల్లు
27 ఏప్రిల్ 1901

ఒరేయ్ పిచ్చి తమ్ముడూ,

నడుము బాగానే ఉంది. నువ్వు రాకముందు జరిగింది నీకెవరూ చెప్పినట్టు లేరు, నేను చెబుతాను.

శనివారం మొదటి వంపు తిరిగేలోపలే పులిహోర అయిపోయింది. అంత హుషారుగా ఉన్నాం. బుల్లెమ్మ గారు అదే రైలు కిటికీ అనుకుని పడవ అంచున కూర్చుని, గట్టు మీద కనబడ్డ ప్రతి గేదెనూ మాకు చూపించింది. సాయంత్రం పడవ ఆగింది. తగిలినట్టు కాదు, ముసలమ్మ మెల్లగా కూర్చున్నట్టు కూర్చుంది. సత్తియ్య గెడ వేసి చూశాడు, తాడు లాగేవాళ్ళను కేకేశాడు, తరువాత అందరూ కలిసి నా వైపు చూశారు. సత్తియ్య చాలా మర్యాదగా, "మీ తమ్ముడు గారు పెట్టిన తారీకేనండి" అన్నాడు. నాకు కోపం రావలసింది. నవ్వొచ్చింది. వీరమ్మకూ వచ్చింది. చిట్టియ్య గారు దీన్ని శోధన అన్నారు, కీర్తన ఎత్తుకున్నారు. బురదలో కూర్చున్న పడవ ఊగదు కాబట్టి అందరం హాయిగా నిద్రపోయాం.

ఆదివారం పొద్దున్నే గట్టు మీద ఆరాధన చేశాం. ఈలోగా పక్క ఊరివాళ్ళు కాలువలోకి దిగి, చిట్టియ్య గారు చదువుతున్నంతసేపూ చేపలు పడుతూనే ఉన్నారు. ఆయన కళ్ళు వాక్యం మీద ఒకటి, గుంట మీద ఒకటి. ముగించాక నేను అడిగాను, ప్రభువు దినాన చేపలు పట్టడం పనేనాండీ అని. ఆయన బాగా ఆలోచించి, "అమ్మా, కూలికి పడితే పని. మనకేమో ఆకలి" అన్నారు. నేను కొంగు బిగించేలోపలే ఆయన పంచె ఎగ్గట్టారు. బోర్లా పడింది ఆయనే, ఆ సంగతి సంఘంలో అనవద్దని నాతో మాట తీసుకున్నారు. నువ్వూ అనకు.

ఇక లోవమ్మ రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టించినప్పుడు నా అవస్థ నువ్వు చూడలేదు. పొయ్యి పొగ చిమ్ముతోంది, ఊదాలి. చింతపండు ఎక్కువైంది, చెప్పాలి. ఉప్పు చాల్లేదు, అది కుండ చూస్తేనే తెలుస్తుంది నాకు. నా చేతులు రెండూ కొంగులో చుట్టుకుని వాటి మీద కూర్చున్నాను. ఇరవయ్యేళ్ళలో నా చేతులు నా మాట వినడం అదే మొదటిసారి. నువ్వు లోవమ్మ పక్కకు వెళ్ళి గొణగడం కూడా చూశాను. నువ్వేమన్నావో వినబడలేదు గాని, ఆవిడ చిన్న గొంతు మనిషి కాదు కదా. "అలాగేనండి బాబూ, అక్కగారికే ముందు" అని కాలువంతా వినబడేలా అంది.

ఇప్పుడు ఆ కన్నీళ్ళ సంగతి. కారం కాదు, అది నువ్వు బాగానే కనిపెట్టావు. వంతెన కూడా కాదు.

లోవమ్మ పులుసు పొయ్యి మీంచి దింపి తిన్నగా నా ఆకులో పోసింది. అన్నం పొగలు కక్కుతోంది. నేను ఎప్పటిలాగే ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలింది. ఒరేయ్, నాకు ఊదుకుని తినాలని తెలియలేదు. ఇన్ని వేల మందికి వడ్డించాను, వేడిగా ఉంది ఊదుకుని తినండే అని ప్రతి పిల్లకూ చెప్పాను. నా వంతు వచ్చేసరికి ఏదైనా చల్లారిపోయి ఉండేది. వేడన్నం రుచి అలా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

జూన్‌లో వంతెనకు వెళ్దాం. తారీకు నువ్వే పెట్టు. ఇంకొకళ్ళు పెడితే నేను రాను. బుల్లెమ్మ గారు కూడా అదే మాట అంది.

నాలుక చివర ఇంకా కొంచెం చురుక్కుమంటోంది. వీరమ్మ వెన్న రాస్తానంటే వద్దన్నాను. ఇంకో రెండు రోజులు ఉండనీ.

మీ అక్క
సంపూర్ణమ్మ